మూసే ఉత్తర్వులోనే కూలి లెక్క రాయండి

తమిళనాడు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు, గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కమిషనర్ గారికి

అయ్యా, అమ్మా,

మేము చెన్నైలో ప్రజారోగ్యం, కార్మిక చట్టం, కూరగాయల టోకు వ్యాపారం రంగాల్లో పనిచేసే తెలుగువాళ్లం. మరో మహమ్మారి వస్తే నగరాన్ని ఎప్పుడు మూయాలి (లాక్‌డౌన్), ఎంతమేర మూయాలి, మూస్తే ఎవరికి ఏమివ్వాలి అన్నది తీరిక ఉన్న ఈ రోజుల్లోనే రాసి పెట్టుకోమని అడగడానికి ఈ లేఖ. తమిళ ప్రతిని మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాం. తెలుగులో కూడా ఎందుకంటే, మీ ఉత్తర్వు దెబ్బ తగిలేవాళ్లలో చెన్నై టోకు కూరగాయల మార్కెట్ కోయంబేడుకు టమాటా పంపే మదనపల్లె రైతు ఉన్నాడు, ఉత్తర చెన్నై వీధులు ఊడ్చే తెలుగు పారిశుద్ధ్య కార్మికులున్నారు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద అపార్ట్‌మెంట్లు కట్టే శ్రీకాకుళం, విజయనగరం కూలీలున్నారు. వాళ్లూ దీన్ని చదవాలి, మా లెక్కలో తప్పుంటే దిద్దాలి.

2020 నుంచి ఈ విషయం ఎక్కడ ఎత్తినా ఒకటే తక్కెడ బయటికి తీస్తారు. ఒక పళ్లెంలో ప్రాణాలు, ఇంకో పళ్లెంలో వ్యాపారం. దాని ముందు కూర్చుంటే ఎవరైనా ప్రాణాల వైపే మొగ్గుతారు, మొగ్గాలి కూడా. అయితే అక్కడితో అసలు లెక్క ఆగిపోతోంది. క్షయ మందు అయిపోయి ఆసుపత్రికి వెళ్లలేకపోయిన మనిషి, డయాలసిస్‌కు ఆటో దొరకని మనిషి, రాత్రి తాను పస్తుండి పిల్లలకు పెట్టిన తల్లి, వీళ్లంతా ఆ రెండో పళ్లెంలోనే ఉన్నారు. మూత వల్ల పోయే ప్రాణాలూ ప్రాణాలే. అందుకే మేం కోరేది ఇది: నగరాన్ని మూయమనే ఉత్తర్వులోనే ఆ మూతకు రోజుకు ఎంత ఖర్చో, అది ఎవరి జేబులోంచి పోతోందో, దాన్ని ఎవరు ఏ తేదీలోగా కడతారో రాసి ఉండాలి. అది రాయలేని ఉత్తర్వు మీద సంతకం పెట్టవద్దు.

ముందు మూత ఏం చేస్తుందో చూద్దాం. మూత రోగాన్ని చంపదు, వాయిదా వేస్తుంది. కూలీల దినసరి వేతనంతో మనం కొనుక్కునేది కాలం. ఆ కాలంలో పడకలు, ఆక్సిజన్, పరీక్షలు, టీకా సిద్ధమైతే కొన్నది దక్కినట్టు. కాకపోతే డబ్బూ పోయింది, కాలమూ పోయింది. కోవిడ్‌లో వైరస్ సోకిన మనిషికి లక్షణాలు కనబడడానికి సగటున 5 రోజులు, పరిస్థితి విషమించి ఆసుపత్రికి చేరడానికి మరో వారం పైన పట్టేది. అంటే ఈ రోజు మూస్తే వార్డులో బరువు తగ్గేది రెండు వారాల తర్వాతే. ఈ రెండు వారాల ఎడాన్ని లెక్కలోకి తీసుకోని ఏ నిర్ణయమైనా ఆలస్యంగానే వస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూడండి. నగరంలో 3,000 ఆక్సిజన్ పడకలున్నాయి, 600 నిండాయి అనుకుందాం. నూటికి 20 నిండితే ఎవరికీ కంగారు పుట్టదు. కానీ రోగుల సంఖ్య 7 రోజులకోసారి రెట్టింపవుతుంటే 14 రోజుల్లో ఆ 600 కాస్తా 2,400 అవుతుంది. 40 శాతం నిండేదాకా ఆగుదామనుకుంటే, 1,200 నుంచి 4,800కు పోతుంది, మన దగ్గర ఉన్నవి 3,000. అదే రెట్టింపు 14 రోజులకోసారైతే 40 శాతం దగ్గర కూడా మూయకుండా నెట్టుకురావచ్చు. ఇన్ని కేసులు దాటితే మూత, ఇంత శాతం దాటితే మూత అని ఒక గీత గీసి కూర్చోవడం అందుకే పనికిరాదు. చూడాల్సిన అంకె ఒకటే: ఇప్పటి వేగం ఇలాగే సాగితే 14 రోజుల తర్వాత ఎన్ని పడకలు కావాలి? ఆ అంకెను రోజూ సాయంత్రం జనం ముందు పెట్టండి. 2021 మేలో ఈ నగరంలో ఆసుపత్రుల గేట్ల ముందు అంబులెన్సులు వరసకట్టాయి, వాటిలోనే రోగులకు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆ స్థితి మళ్లీ రాకూడదనేవాళ్లలో మేమూ ఉన్నాం. మేం మూతకు వ్యతిరేకులం అని ఎవరూ అనుకోవద్దు. ముందుగా, చిన్నగా, ఖర్చు కట్టి మూసేది చౌక. ఆలస్యంగా, మొత్తంగా, ఖర్చు కట్టకుండా మూసేది ఖరీదు.

ఇక గడువు సంగతి. 2020 మార్చి 24న రాత్రి 8 గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశమంతా మూత. నాలుగు గంటలు. ఆ రోజుకు దేశంలో నమోదైన కేసులు 500 పైచిలుకు. ఊళ్లకు వెళ్లగోరినవాళ్లను ఆపితే వైరస్ ఊళ్లకు పోదని అప్పట్లో చెప్పిన కారణం. మే 1న వలస కూలీల కోసం శ్రామిక్ రైళ్లు మొదలయ్యేసరికి కేసులు 35 వేలు దాటాయి. ఈ అయిదు వారాలూ కూలీలను నగరాల్లో కిక్కిరిసిన గదుల్లో పెట్టి, వైరస్ పెరిగాక పంపించాం. మార్చిలోనే మూడు రోజుల గడువిచ్చి, స్టేషన్లలో జ్వరం చూసి, మామూలు రైళ్లలో పంపి ఉంటే, మోసుకెళ్లే వైరస్ ఎంతో తక్కువగా ఉండేది. రెడ్‌హిల్స్ మీదుగా, గుమ్మిడిపూండి దాటి, తడ సరిహద్దు దాకా జాతీయ రహదారి 16 మీద నడిచినవాళ్లు ఆరోగ్య కారణంతో నడవలేదు. గది అద్దె, బియ్యం రెండూ అయిపోయి నడిచారు. ఇక్కడి నుంచి శ్రీకాకుళం సుమారు 900 కిలోమీటర్లు.

అదే తప్పు చెన్నై స్థాయిలో మళ్లీ జరిగింది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే కోయంబేడులో జరిగింది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. 2020 ఏప్రిల్ 24న ప్రభుత్వం చెన్నై, కోయంబత్తూరు, మదురై నగరాల్లో 26 నుంచి 29 దాకా పూర్తి మూత అని ప్రకటించింది. కిరాణా కొట్లు కూడా ఉండవు. మధ్యలో మిగిలింది ఒక్క 25వ తేదీ. ఆ ఒక్క రోజులో నాలుగు రోజుల కూరగాయలు కొనడానికి ఊరంతా కదిలింది.

కోయంబేడు మామూలు రోజు ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ రోజు ఏమైందో ఊహించుకోవచ్చు. చీకటి పడ్డాక లారీలు రావడం మొదలు. మదనపల్లె, పలమనేరు, కోలారు వైపు నుంచి టమాటా, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్. అర్ధరాత్రి నుంచి హమాలీలు దింపుతారు. ఒక క్రేటు దింపాలంటే పైనుంచి ఒకడు అందిస్తాడు, కింద ఇంకొకడు భుజానికెత్తుకుంటాడు. ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం. తువ్వాలు తలకు చుట్టుకుని పరుగులాంటి నడక, రొప్పుతూ ఊపిరి. తెల్లవారుజామున 3 నుంచి 6 దాకా చిల్లర వ్యాపారులు చిన్న ట్రక్కులతో, బైకులతో వచ్చిపడతారు. ఇరుకు సందుల్లో బేరం, కేకలు. మండే ఏప్రిల్‌లో పండిన టమాటా రెండు మూడు రోజులకు మించి ఆగదు కాబట్టి ఎవరూ రేపటికి వాయిదా వేసుకోరు. గాలిలో వ్యాపించే జబ్బుకు ఇంతకంటే అనువైన చోటు లేదు: దగ్గర దగ్గరగా మనుషులు, బరువైన ఊపిరి, గట్టి మాటలు, పైగా ఒక్కొక్కరూ ఒక్కో పేటకు తిరిగి వెళ్లేవాళ్లు. అలాంటి చోట నాలుగు రోజుల జనాన్ని ఒక్క రోజులోకి నెట్టాం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కోయంబేడు కేసులు ఆ నెలాఖరులోనే బయటపడడం మొదలైంది. లక్షణాలకు 5 రోజులు పడుతుంది కాబట్టి వాళ్లలో తొలి వరస 25కు ముందే సోకినవాళ్లు అయ్యుండాలి. అంటే 25వ తేదీ రద్దీ నిప్పు పుట్టించలేదు, ఉన్న నిప్పు మీద నెయ్యి పోసింది. మే 5న మార్కెట్ మూతపడింది. పనివాళ్లు, వ్యాపారులు సొంతూళ్లకు వెళ్లిపోవడంతో కడలూరు, విళుపురం, అరియలూరు జిల్లాల్లో కేసులు ఎగబాకాయి. కూరగాయలు తిరుమళిసైకి, పూలు, పండ్లు మాధవరానికి మారాయి. టోకు కూరగాయల దుకాణాలు కోయంబేడులో మళ్లీ తెరుచుకుంది సెప్టెంబరు 28న. దాదాపు అయిదు నెలలు.

మరి ఏం చేసి ఉండవచ్చు? దింపే వేళను, కొనే వేళను వేరు చేయాలి. రాత్రి 9 నుంచి 2 దాకా దింపుడు, రెండు గంటల ఖాళీ, ఆ తర్వాత కొనుగోలు. కొనేవాళ్లకు బండి నంబరు చివరి అంకెను బట్టి రోజు మార్చి రోజు టోకెన్. హమాలీలను స్థిరమైన జట్లుగా కట్టాలి, ఒక జట్టు ఒకే బ్లాకులో, వారం పని వారం సెలవు. ఒక జట్టులో జబ్బు దూరితే ఆ జట్టే ఆగుతుంది, మార్కెట్ ఆగదు. వారానికోసారి పరీక్ష. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 ఏప్రిల్‌లోనే, పాజిటివ్ రేటు 2 శాతం లోపు ఉన్నచోట 5 నమూనాల దాకా కలిపి ఒకే పరీక్ష చేయవచ్చని చెప్పింది. నూటికి ఒకరికి జబ్బు ఉందనుకుంటే 1,000 మందికి 200 గుంపు పరీక్షలు, వాటిలో పాజిటివ్ వచ్చే 10 గుంపుల్లోని 50 మందికి విడిగా మరోసారి. మొత్తం 250 పరీక్షలు. పరీక్షకు 3,000 రూపాయలు వేసుకున్నా వారానికి 7.5 లక్షలు.

ఇక్కడే అందరూ మర్చిపోయే ముక్క ఉంది. పాజిటివ్ వచ్చిన హమాలీ 14 రోజులు పనికి రాకూడదు. రోజుకు 800 కూలి అనుకుంటే అతనికి పోయేది 11,200. ఆ డబ్బు ఎవరూ ఇవ్వకపోతే అతను పరీక్షకు రాడు, జ్వరానికి బిళ్ల మింగి మూట ఎత్తుతాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కూలి కట్టని పరీక్ష కేంద్రం ఖాళీగా ఉంటుంది. వారానికి 10 మందికి చొప్పున కూలి కట్టినా 1,12,000. పరీక్షలతో కలిపి వెయ్యి మందికి వారానికి 9 లక్షల లోపు. పదివేల మందికి, 20 వారాలకు లెక్కేసినా 17 కోట్ల పైచిలుకు. ఇటు పక్క చూడండి: 3,000 దుకాణాలు, దుకాణానికి రోజుకు వెయ్యి రూపాయల మిగులు మాత్రమే పోయిందనుకున్నా 146 రోజులకు 43 కోట్ల 80 లక్షలు. ఇందులో హమాలీల కూలి లేదు, కుళ్లిన సరుకు లేదు, పొలంలోనే టమాటా వదిలేసిన రైతు నష్టం లేదు. తిరుమళిసైకి వెళ్లగలిగిన కొద్ది దుకాణాలను తీసేసినా తేడా పూడదు. ఇవి మేం అనుకుని వేసిన అంకెలు. అసలు అంకెలు మార్కెట్ యాజమాన్య కమిటీ దగ్గర ఉంటాయి. వాటితో మీరే మళ్లీ కట్టి చూడండి. వారానికోసారి పరీక్ష కొందరిని జారవిడుస్తుందని మాకు తెలుసు. జట్ల పద్ధతి ఉన్నది ఆ జారినవాళ్ల కోసమే.

2021లో కొంత నేర్చుకున్నారు, అది చెప్పకపోతే అన్యాయం. మే 24 నుంచి గట్టి మూత అన్నప్పుడు 22, 23 తేదీల్లో దుకాణాలు రాత్రి 9 దాకా తెరిచారు, ఊళ్లకు బస్సులు వేశారు. కూరగాయల బండ్లను వీధుల్లోకి పంపారు. ఆ రెండు రోజులూ రద్దీ తప్పలేదు గానీ ఒక్క రోజుకు కుదించినంత కాదు. మేం అడిగేది 72 గంటలు. అందులోనూ బట్టలు, నగలు, హాళ్లు మొదటి రోజే మూయాలి. కిరాణా, కూరగాయలు అసలు మూయకూడదు. తిండి కొట్టు తెరిచే ఉంటుందని ముందే నమ్మకం కలిగిస్తే ఎవరూ పరుగెత్తరు.

ఇక డబ్బు. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, మూత కాలానికి యజమానులు కోత లేకుండా జీతాలివ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. మే 17 నాటి ఉత్తర్వుతో అది పోయింది, జూన్ 12న సుప్రీంకోర్టు యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోమంది. ఆ ఉత్తర్వు నిలవకపోవడం ఒక సంగతి. నిలిచి ఉన్న ఏడు వారాల్లోనూ మన కూలీలకు అది చేరే దారే లేదు. కట్టడం పనిలో బిల్డరు కింద కాంట్రాక్టరు, అతని కింద సబ్‌ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ. కూలీ పేరు మేస్త్రీ జేబులోని చిన్న నోటుపుస్తకంలో ఉంటుంది, మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉండదు. యజమాని ఎవరని కూలీని అడిగితే మేస్త్రీ పేరు చెబుతాడు. మేస్త్రీ దగ్గర జీతం ఇవ్వడానికి డబ్బు లేదు, అతను కూడా కూలీయే. 2014 జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో భవనం కూలి 61 మంది పోయినప్పుడు శిథిలాల కింద ఉన్నది ఎవరెవరో తేల్చడానికి ఎంత కష్టమైందో గుర్తుంది కదా. పేర్లు లేని పని పద్ధతి అది. యజమాని మీద భారం వేసి చేతులు దులుపుకునే ఉత్తర్వు ఈ పునాది మీద నిలబడదు. మస్టర్ రోల్ సైట్ గేటు దగ్గరే ఉండాలని, బ్యాంకు ఖాతాతో సహా పేరు రాయనిదే మేస్త్రీ మనిషిని లోపలికి తేకూడదని కార్పొరేషన్ కట్టడం అనుమతిలోనే షరతు పెట్టవచ్చు. కట్టడం విలువలో నూటికి ఒక రూపాయి సెస్సు ఎలాగూ వసూలవుతోంది. ఆ సెస్సు డబ్బు కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరున్నవాళ్లకే వెళుతుంది, మన శ్రీకాకుళం కూలీల్లో చాలామందికి ఇక్కడ పేరే లేదు.

రేషన్ కార్డు దారి ఈ రాష్ట్రానికి బలం. 2020 ఏప్రిల్‌లో కార్డుకు 1,000, 2021లో రెండు విడతలుగా 4,000, రెండు కోట్లకు పైగా కార్డులకు, రేషన్ దుకాణం గుమ్మంలో నగదు. ఇంత వేగంగా ఇంతమందికి చేర్చగల యంత్రాంగం దేశంలో ఎక్కువ చోట్ల లేదు. కానీ రెండు లోపాలున్నాయి. నెలకు 25 రోజులు, రోజుకు 600 సంపాదించే మనిషికి పోయేది 15,000. 2021లో రెండు విడతలూ కలిపినా వచ్చింది అందులో నాలుగో వంతు పైచిలుకే. రెండోది, మొదటి విడత మూత మొదలయ్యాక వచ్చింది. అద్దె ఒకటో తారీఖున కట్టాలి. తండల్ (రోజువారీ వాయిదాల అప్పు) రోజూ కట్టాలి. పది వేలు రాసుకుని కోత పోను ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడితే, వంద రోజులు రోజుకు వంద. తోపుడుబండి మూతపడ్డా సాయంత్రం అప్పిచ్చిన మనిషి గుమ్మం ముందు నిలబడతాడు. రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మారటోరియం 2020 ఆగస్టు 31 దాకా బ్యాంకు వాయిదాలను ఆపింది, తండల్‌ను ఆపలేదు. అధిక వడ్డీ నిషేధ చట్టం ఈ రాష్ట్రంలో 2003 నుంచీ ఉంది. మూత ఉన్నన్నాళ్లు రోజువారీ వసూలు నేరమని ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్చి, ప్రతి పోలీసు స్టేషన్‌కు పంపితే చాలు.

తమిళనాడు కార్డు లేని మా వాళ్ల సంగతి. ఒకే దేశం ఒకే రేషన్ పథకంలోకి తమిళనాడు 2020 అక్టోబరులో వచ్చింది. అంటే ఇప్పుడు జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే ఆంధ్ర బియ్యం కార్డుతో చెన్నై రేషన్ దుకాణంలో మనిషికి 5 కిలోల చొప్పున తన వంతు తీసుకోవచ్చు, మిగతా వంతు ఊళ్లో భార్యాపిల్లలు తీసుకోవచ్చు. ఇది తెలిసిన కూలీలు తక్కువ. తెలిసినా చిక్కులు రెండు: సిమెంటు పిసికి పిసికి వేలిముద్రలు అరిగి యంత్రం పట్టదు, పట్టినా, దుకాణానికి వచ్చే సరుకు ఆ పేట కార్డుల లెక్క ప్రకారమే వస్తుంది కాబట్టి వలస కూలీకి ఇచ్చే సరికి చివర్లో ఖాళీ. మూత కాలంలో వేలిముద్ర బదులు ఫోన్‌కు వచ్చే సంఖ్య చాలనండి, షోళింగనల్లూరు, పెరుంగుడి వంటి కట్టడాల పేటల దుకాణాలకు నూటికి 20 వంతుల సరుకు అదనంగా పంపండి. దుకాణం ముందు తెలుగు, హిందీ, ఒడియా బోర్డు పెట్టండి.

నీళ్ల విషయం క్లుప్తంగా. ఇంట్లోనే ఉండమన్న ఉత్తర్వు, ఇంట్లో కొళాయి లేని వీధులకు వర్తించదు. మెట్రో వాటర్ లారీ ఒక్కసారి వస్తే వీధి వీధంతా ప్లాస్టిక్ బిందెలతో దాని చుట్టూ మూగుతుంది. వీధి చివర ట్యాంకుకు ఉన్న రెండు కొళాయిలను ఆరు చేస్తే, రోజుకు రెండు ట్రిప్పులు నింపితే ఆ గుంపు విడిపోతుంది. ఇది నెల రోజుల ప్లంబింగ్ పని, ఇప్పుడే చేయవచ్చు.

తెరిచే వరస గురించి గట్టిగా చెప్పాలి. 2020 మే 7న చెన్నై బయట ప్రభుత్వ మద్యం దుకాణాలు తెరిచారు. మరునాడే మద్రాసు హైకోర్టు మూయమంది, తర్వాత సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. టీ కొట్లకు పార్శిల్ అనుమతి వచ్చింది మే 11న. ఇక బడులు: ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు మళ్లీ బడి మెట్లెక్కింది 2021 నవంబరు 1న, 19 నెలల తర్వాత. ఈ వరసను ఖజానా రాబడి నిర్ణయించింది, పసిపిల్లల చదువు కాదు. దుకాణంలో మనిషి ఎంతసేపు ఉంటాడు, గాలి ఆడుతుందా, రోజుకు ఎంతమందికి కూలి పుడుతుంది, మూస్తే మళ్లీ తెచ్చుకోలేనిది ఏది? ఈ నాలుగు ప్రశ్నలకు మార్కులు వేస్తే గోడలు లేని టీ కొట్టు, కిటికీలున్న ప్రాథమిక పాఠశాల పైన ఉంటాయి; తలుపులు మూసి ఏసీ వేసిన హాలు, బారు అడుగున ఉంటాయి.

మరణాల లెక్క సరిగా లేకుండా ఏ తూకమూ లేదు. 2020 జూలై 22న, చెన్నైలో అంతకుముందు లెక్కలోకి రాని 444 కోవిడ్ మరణాలను ప్రభుత్వమే చేర్చింది. చేర్చడం మంచి పని. కానీ జూన్‌లో నిర్ణయాలు తీసుకున్నవాళ్ల ముందు ఆ 444 లేవు. శ్మశానాల రిజిస్టర్లను, ఆసుపత్రి పట్టికలను వారానికోసారి సరిపోల్చే పని కార్పొరేషన్‌లో ఒక ఉద్యోగికి అప్పగించండి. అదే పట్టికలో కోవిడ్ కాని మరణాలు కూడా ఉండాలి. దేశంలో 2019లో 24 లక్షల మంది క్షయ రోగులు నమోదైతే 2020లో 18 లక్షలే నమోదయ్యారు. జబ్బు తగ్గలేదు, ఆసుపత్రికి రాలేదు. కనిపెట్టని ఒక్కో క్షయ రోగి ఇంట్లో, పనిలో మరికొందరికి అంటిస్తాడు. ఇది మూత ఖాతాలో రాయాల్సిన ఆరోగ్య నష్టం.

క్షయ పేరెత్తాం కాబట్టి ఈ నగరానికే చెందిన ఒక సంగతి గుర్తుచేస్తాం. 1956లో ఇక్కడ క్షయ మందుల పరిశోధన కేంద్రం మొదలైంది. అప్పటికి క్షయ వస్తే శానటోరియంలో నెలల తరబడి విడిగా ఉంచాలన్నదే వైద్యం. మద్రాసు పేదలకు అది కుదరదు. సంపాదించే మనిషి ఏడాది ఇల్లు విడిస్తే ఇల్లు కూలుతుంది. ఈ కేంద్రం రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శానటోరియంలో, ఇంకో జట్టుకు ఇళ్లలోనే మందులిచ్చి చూసింది. ఇంట్లో ఉన్నవాళ్లు ఇంచుమించు అంతే బాగా కోలుకున్నారని 1959లో ప్రకటించింది, వాళ్ల కుటుంబాలకు అదనంగా జబ్బు అంటలేదని కూడా తేల్చింది. ప్రపంచమంతా శానటోరియంలు మూసుకోవడానికి ఆ అధ్యయనం దారి వేసింది. రోగి బతుకుతెరువును కూడా లెక్కలోకి తీసుకుని ప్రశ్న వేశారు కాబట్టే ఆ జవాబు దొరికింది.

చట్టం అడ్డు అనే మాట వినబడుతుంది. అడ్డు లేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం రెండో సెక్షన్‌లోనే, చర్యల ఖర్చును, పరిహారం ఉంటే పరిహారాన్ని, ఎవరు ఎలా భరించాలో ప్రభుత్వం నిర్ణయించవచ్చని ఉంది. 2005లో చేసిన రూపంలో విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ కనీస సాయంలో బతుకుతెరువు పునరుద్ధరణను పేరుపెట్టి చెప్పింది. 19వ సెక్షన్ రాష్ట్ర సంస్థ సాయం ప్రమాణాలు నిర్దేశించాలంది, అవి జాతీయ ప్రమాణాల కంటే తక్కువ కాకూడదంది. 12వ సెక్షన్‌లోని మాట ఐచ్ఛికం కాదని, తప్పనిసరి అని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతే మరణానికి 50,000 పరిహారం వచ్చింది.

కాబట్టి మూత ఉత్తర్వు నమూనా ఒకటి ఇప్పుడే తయారు చేయండి. అందులో ఖాళీలు వదిలి పెట్టాల్సినవి: ఏ వార్డులు, ఏ పనులు, ఏ తేదీ నుంచి (ప్రకటనకు 72 గంటల తర్వాత), ఏ తేదీ దాకా (14 రోజులకు మించకుండా, పొడిగిస్తే కొత్త ఉత్తర్వు), 14 రోజుల తర్వాత కావలసిన పడకల అంచనా, ఆ గడువులో పెంచబోయే పడకలు ఎన్ని, మూతపడే పనుల్లో కూలీల సంఖ్య, వాళ్లకు రోజుకు పోయే మొత్తం, అందులో ప్రభుత్వం కట్టే వంతు, మొదటి విడత చేరే తేదీ (మూతకు ముందు రోజు), పాజిటివ్ వచ్చినవాళ్లకు 14 రోజుల కూలి కట్టే కార్యాలయం పేరు, ఫోన్ నంబరు. ప్రభుత్వ వంతు కనీసం సగం కూలి అనుకున్నాం. ఈఎస్ఐ చందాదారుకు జబ్బు సెలవులో 70 శాతం వస్తున్నప్పుడు హమాలీకి సగం అడగడం అత్యాశ కాదు. ఖాళీల్లో ఒక్కటి నింపలేకపోయినా ఉత్తర్వు వెలువడకూడదు.

కార్పొరేషన్ మండలాల్లో ఏదైనా ఒకదాన్ని, మా వరకు రాయపురం అయితే మేలు, 2020 మే, జూన్ నెలల్లో అక్కడే ఎక్కువ దెబ్బ తగిలింది కాబట్టి, ఎంచుకుని ఈ నమూనాను ఉత్తుత్తి కసరత్తుగా నింపి చూడండి. హమాలీల జట్ల పట్టిక, తోపుడుబండ్ల లెక్క, కట్టడం సైట్లలో తెలుగు, ఒడియా, హిందీ కూలీల పేర్లు సేకరించే పనికి మేం వస్తాం. పట్టికలు మేం ఇప్పటికే గీసిపెట్టాం. ఏ అధికారికి ఇవ్వాలో చెప్పండి.

ఇట్లు,
చెన్నైలో ప్రజారోగ్యం, కార్మిక చట్టం, టోకు మార్కెట్ రంగాల్లో పనిచేసే తెలుగువాళ్లం